హనుమక్క వేలు, నా పాత ఇంగ్లీషు

నలభై ఏళ్ళకు పైగా కోర్టు కాగితాలను తెలుగులోంచి ఇంగ్లీషులోకి మార్చి బతికినాను. ప్రభుత్వ ఉద్యోగం కాదు. వకీళ్ళు ఇచ్చే కట్టలు తెచ్చుకొని, సాక్షులు చెప్పిన మాటలు, పాత దస్తావేజులు, పంచాయితీ కాగితాలు పై కోర్టుకు పోయేటప్పుడు ఇంగ్లీషు చేసి ఇచ్చే పని. నా బోర్డు మీద ‘ట్రాన్స్‌లేటర్’ అని ఉండేది. మా వీధిలో వాళ్ళకు మాత్రం నేను ‘ఇంగ్లీషు ఓబులేసు’. అందులో గౌరవం ఎంత, ఎగతాళి ఎంత అని నేనెప్పుడూ విచారించలేదు. విచారించి ఉంటే బాగుండేది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న వాళ్ళు ఇద్దరు ముగ్గురు ఈ మధ్య ఫోన్ చేసి, "సార్, మీ అనుభవాలు రాయండి, మాకు పనికొస్తాయి" అన్నారు. నా అనుభవాల్లోంచి ఘనకార్యాలు తీసేస్తే మిగిలేవి తప్పులు. ఘనకార్యాలు తీసెయ్యడానికి ఎక్కువసేపు పట్టదు. కాబట్టి తప్పులే రాస్తా. అందులోనూ ఒక్క తప్పు గురించి ఎక్కువ రాస్తా. దానికి మూలం నేను మోజుపడిన ఒక పాత ఇంగ్లీషు మాట.

ట్రంకు పెట్టె

పని నేర్చుకున్నది పెనుకొండలో, కేశవయ్య సార్ దగ్గర. ఆయన టైపు మిషన్ పక్కన ఒక రేకు ట్రంకు పెట్టె ఉండేది. దాని నిండా దొరల కాలం నాటి తీర్పుల నకళ్ళు. మూత తెరిస్తే నాఫ్తలీన్ ఉండల వాసన గుప్పుమనేది. ఏ కాగితం అనువాదం చెయ్యాలన్నా ముందు ఆ పెట్టెలోంచి ఒక నమూనా తీసి, అందులోని వాక్యాలకు మన సాక్షి పేరు తగిలించాలి. అదీ ఆయన పద్ధతి.

"మన సొంత వాక్యం మనం కట్టగూడదబ్బా," అనేవాడు. "సాక్షి మాట గోచీ కట్టుకొని వస్తాది. పై కోర్టుకు పోతాంది గదా, దానికి పంచె కట్టించి, కండువా ఏసి పంపల్ల. అదే మన పని."

చేరిన రెండో వారమే ఒక నకలులో ‘చూపించు’ అనే ఇంగ్లీషు మాట తప్పుగా కనపడింది. ‘ఓ’ ఉండాల్సిన చోట ‘ఈ’ ఉంది. ఎస్, హెచ్, ఈ, డబ్ల్యూ. పాపం ఆ కాలం టైపిస్టు కునుకు తీసినట్టున్నాడు అనుకొని, ఎర్ర సిరాతో ఆ కాగితం మీదే దిద్దిపెట్టినా. మెచ్చుకుంటాడని చూపిస్తే కేశవయ్య సార్ బల్ల మీద గుద్దినాడు. "తెల్లోడు రాసిన ఇంగ్లీషును పెనుకొండోడు దిద్దుతాడా!"

అది తప్పు కాదని అప్పుడు తెలిసింది. ఆ మాటను పాత రోజుల్లో వాళ్ళు అట్లాగే రాసుకునేవాళ్ళంట. అర్థం మారదు, చూపించడమే. బయట జనం దాన్ని ఎప్పుడో వదిలేసినా, కోర్టు కాగితాల్లో మాత్రం ‘కారణం చూపండి’ అని నిలదీసే చోట చాలాకాలం వేలాడింది. పలికేది కూడా మామూలుగా ‘షో’ అనే. ఈ చివరి సంగతి మా సార్‌కు తెలీదు. ఆయన ‘ష్యూ’ అనేవాడు. నేనూ ‘ష్యూ’ అన్నా. పదకొండేళ్ళు అన్నా. హిందూపురంలో ఒక పెద్ద వకీలు నిండా జనమున్న బార్ రూములో, "ఏమప్పా ఓబులేసూ, ష్యూ ష్యూ అని కోళ్ళను తోల్తాండావా?" అని అడిగినంత వరకు అన్నా.

హిందూపురంలో నా వైభవం

పలకడం మార్చుకున్నా గాని రాయడం మానలేదు. హిందూపురంలో సొంతంగా బోర్డు పెట్టినాక ఇంకా రెచ్చిపోయినా. పేజీకి రెండుసార్లన్నా ఆ మాట పడకపోతే నాకు అన్నం సయించేది కాదు. ‘ఈ దస్తావేజు చూపునది ఏమనగా’, ‘ఇందుమూలముగా చూపబడుచున్నది’ అని, ఎవరూ ఏమీ చూపించని చోట కూడా చూపించేసేవాణ్ణి. దానికి తోడు ఇంకో పది పాత మాటలు పెట్టెలోంచి తెచ్చుకున్నా. ఒకసారి మా ఇంట్లో ఫ్యూజు పోతే కరెంటాఫీసుకు ఇంగ్లీషులో అర్జీ రాసినా, ఫ్యూజు ఎందుకు వెయ్యలేదో కారణం చూపవలసిందని. నా పాత ఇంగ్లీషు మాట అందులో రెండు చోట్ల వచ్చింది. మూడోరోజు లైన్‌మన్ అర్జీ పట్టుకొని వచ్చి, ఆ మాటను ‘షూ’ అని చదువుకొని, "సార్, బూట్లు పోతే పోలీసోళ్ళకు గదా రాయల్ల?" అన్నాడు.

మా ఆవిడ సరోజది మడకశిర. ఆ రెండు రోజులూ మిక్సీ లేక రుబ్బురోలు తిప్పిన మనిషి. "సాకు, సాకు" అని కన్నడంలో నాకు చేతులు జోడించింది. ఇంక చాలించమని.

ఆ పెద్ద వకీలే ఇంకోరోజు నేను చేసిన అనువాదం చదివి, కండ్లద్దాలు తీసి, "ఓబులేసూ, ఇందులో దొర బాగా కనపడతాండాడు గాని, సాక్షి యాడుండాడప్పా?" అన్నాడు. ఈ పనిలో నాకు ఎవరన్నా చెప్పిన మంచి మాట ఉందంటే అదొక్కటే. నేనేం చేసినా? ‘దొర బాగా కనపడతాండాడు’ అనే ముక్క మాత్రం తీసుకొని ఇంటికి పోయి సరోజకు చెప్పుకొని మురిసిపోయినా.

హనుమక్క

చివరి పదేళ్ళు ధర్మవరంలో పనిచేసినా. కింద పట్టుచీరల మగ్గాలు, పైన నా గది. అప్పటికి కంప్యూటర్ వచ్చింది. ట్రంకు పెట్టెలోని నమూనాలన్నీ అందులోకి ఎక్కించుకున్నా. పంచెలు కట్టించే పని ఇంకా సులువైంది.

రమాదేవి అని ఒక లాయరమ్మ. చురుకైన మనిషి, మాట ఖండితం. ఆమె ఒక కట్ట పంపింది. బత్తలపల్లి దాటినాక ఒక పల్లెలో హనుమక్క అనే ఆమెకు మూడెకరాల మెట్ట. అందులో ఒక బావి, గొర్రెలను తోలే దొడ్డి, అదే రొప్పం. మొగుడు లేడు, గొర్రెలే ఆధారం. పక్క చేనాయన హద్దురాయి దగ్గర తగాదా పెట్టినాడు. ఆ రాయి రెండేళ్ళ కింద హనుమక్కే దొంగతనంగా పాతిందనీ, అసలు హద్దు ఇంకా లోపలికి ఉందనీ ఆయన వాదన. అది నిలబడితే బావి, రొప్పం రెండూ ఆయన పక్కకు పోతాయి. కింది కోర్టు హనుమక్క మాట నమ్మింది. ఆయన పై కోర్టుకు పోయినాడు. అక్కడి జడ్జిగారు వేరే రాష్ట్రం నుంచి వచ్చినాయన, తెలుగు రాదు. అందుకని ఆమె సాక్ష్యం ఇంగ్లీషు కావాలి.

కింది కోర్టులో ఆమె చెప్పింది చెప్పినట్టే రాసుకున్నారు. ఇప్పటికీ నాకు నోటికొస్తుంది.

"నేను కొత్తగా కాపురానికి వచ్చిన ఏడు మా మామ ఆ రాయి పాతినాడు. నేను ఒక పక్క పట్టుకున్యా. రాయి జారి నా ఏలు నలిగింది. ఇదో సూడండి సామీ."

దాని కింద కోర్టువారు రాసుకున్న మాట: సాక్షి తన కుడిచేతి చూపుడు వేలు చూపినది.

దీన్ని నేనేం చేసినానో, నా ఇంగ్లీషును మళ్ళీ తెలుగులోకి తెచ్చి చెప్తా. ‘సదరు హద్దురాయి ఈ సాక్షి భర్తకు పూర్వ హక్కుదారుడైన వ్యక్తిచే ప్రతిష్ఠింపబడినదనియు, అట్టి ప్రతిష్ఠాపనకు ఈ సాక్షి యథాశక్తి తోడ్పడినదనియు ఇందుమూలముగా చూపబడుచున్నది.’ చివరి మాట దగ్గర నా ముద్దుల స్పెల్లింగు.

వేలు? వదిలేసినా. మరిచిపోయి కాదు. పై కోర్టు ముందర ఒక గొర్రెల ఆమె నలిగిన వేలు పెడితే ఏం బాగుంటుంది అనుకున్నా. కేశవయ్య సార్ పెట్టెలో వేళ్ళకు నమూనా లేదు. ఆమె సాక్ష్యం మొత్తం ఇదే వరుస. ‘నాకు తెల్దు సామీ’ అన్న చోటల్లా ‘ఈ సాక్షికి తత్సంబంధమైన పరిజ్ఞానము లేదు’ అని రాసినా. ఆ సాయంత్రం కట్ట పంపించి, ఈ మధ్య ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదు అనుకుంటూ టీ తాగినా.

కొన్ని నెలల తర్వాత రమాదేవి నేరుగా మా గదికే వచ్చింది. మెట్లెక్కి వచ్చిన ఆయాసం తీరకముందే రెండు కాగితాలు నా బల్ల మీద పక్కపక్కన పెట్టింది. ఒకటి హనుమక్క తెలుగు, ఒకటి నా ఇంగ్లీషు.

"ఓబులేసు గారూ, ఈమె ఏలు యాడ పోయింది?"

నేను కండ్లద్దాలు వెతుక్కున్నా.

"నాది కూడా తప్పే," అంది ఆమె. "మీరు పాత మనిషి గదా అని సరిచూడకుండా దాఖలు చేసినా. అవతలి వకీలు మీ ఇంగ్లీషు చదివి వినిపించినాడు. వేలిముద్ర వేసే మనిషి, గొర్రెలు కాసుకునే మనిషి, ఇట్లా మాట్లాడుతుందా? ఎవరో నూరిపోసి చెప్పించిన సాక్ష్యం ఇది అన్నాడు. జడ్జిగారికి కూడా అనుమానం వచ్చింది."

"తెలుగు కాగితం ఉంది గదా మేడమ్..."

"అందుకే ఇంకొక్క అవకాశం ఇచ్చినారు. మాటకు మాట కొత్తగా అనువాదం చేసి, మొదటి దాంట్లో ఏం జరిగిందో అనువాదకుడు ప్రమాణపత్రం వెయ్యాలి. ఆ రాయి లోపలికి జరిగితే ఆమె గొర్రెలను యాడికి తోల్తాది, మీరే చెప్పండి."

ఇక్కడ నా గొప్పతనం చూడండి. ఆమె బావి, రొప్పం పోతాయని చెప్తా ఉంటే, నాకు ముందు తట్టింది నా బోర్డు. సాక్షి మాటలు నేనే కల్పించినా అని సంతకం పెడితే ఇంక ఏ వకీలు నాకు కట్ట ఇస్తాడు? "అనుకోకుండా జరిగిన పొరపాటు అని రాద్దామా మేడమ్?" అని అడిగినా.

"అనుకోకుండానా?" అంది ఆమె. కాగితాలు అక్కడే వదిలి మెట్లు దిగిపోయింది.

ఇంటికి పోయి సరోజతో చెప్పినా. ఆమె జాలిపడుతుందని నా ఆశ. చిక్కుడుకాయల ఈనెలు తీస్తా, తల ఎత్తకుండానే అంది: "ఇన్నేండ్లు కారణం చూపు, కారణం చూపు అని ఊరందరికీ రాస్తివి. ఇప్పుడు నువ్వు చూపు."

రాయి దగ్గర

మరుసటి రోజు బత్తలపల్లి బస్సెక్కినా. అన్నేళ్ళ పనిలో ఒక సాక్షి ఊరికి పోవడం అదే మొదటిసారి. ఏంటికి పోతున్నానో నాకే సరిగా తెలీదు. ఒకసారి ఆ వేలు చూడాలి అనిపించింది, అంతే.

హనుమక్క రొప్పం ఊడుస్తాంది. డెబ్బై దాటి ఉంటుంది. చీపురు పక్కన పెట్టి, కండ్లకు చెయ్యి అడ్డం పెట్టుకొని చూసింది.

"ఎవురప్పా నువ్వు? కోర్టోనివా?"

"కాదక్కా. నీ మాటలు ఇంగ్లీషులోకి రాసినోణ్ణి."

"ఓ, నువ్వేనా! లాయరమ్మ చెప్పింది. నేను చెప్పింది ఒకటి, నువ్వు రాసింది ఒకటి అంట గదా. ఏంటికప్పా అట్ల రాస్తివి?"

"బాగుండాలని రాసినా అక్కా."

"నేను చెప్పింది బాగలేదా?"

జడ్జి అడిగి ఉంటే ఏదో ఒకటి చెప్పి ఉందును. తిడుతుందనుకొని తలకాయ వంచుకున్నా. తిట్టలేదు. చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చి, "తాగు, ఎండన పడి వస్తివి" అని, రాయి దగ్గరికి పిలుచుకొని పోయింది.

నడుమెత్తు రాయి. అడుగున ఒక పక్క చెక్క లేచిపోయి ఉంది. ఆమె వంగి ఆ అంచు పట్టుకొని చూపించింది. "ఈడ పట్టుకున్యా. మామ ఆ పక్క ఉండాడు. గుంతలోకి దించేటప్పుడు జారింది." చూపుడు వేలు పైకణుపు దగ్గర పక్కకు వంగిపోయి ఉంది. గోరు లేదు, మళ్ళీ రాలేదంట. "ఆ పొద్దు మామ ఏడ్చినాడప్పా. నేను ఏడ్వలే. కొత్త కోడల్ని గదా, సిగ్గు."

ఆ మాట వింటూనే జేబులోంచి పెన్ను తీసినా. మళ్ళీ జేబులో పెట్టుకున్నా.

"ఇది గూడా రాస్తావా?" అంది.

"ఇది నువ్వు కోర్టులో చెప్పలేదు గదక్కా. రాయగూడదు."

"చెప్పింది వదిలేస్తివి, చెప్పంది రాయనంటావు. ఏం చదువప్పా నీది!"

నవ్వుతానే అంది. అరవై దాటిన మనిషిని, గొర్రెల మధ్య నిలబడి కండ్లు తుడుచుకున్నా. నా చేతి కింద ఎంతమంది ఇట్లాంటి వాళ్ళు పోయినారో, వాళ్ళ వేళ్ళు, వాళ్ళ మామలు, వాళ్ళ సిగ్గులు ఎన్ని తుడిచిపెట్టినానో అని భయం వేసింది. వాళ్ళెవరూ లాయరమ్మను పంపించి అడగలేదు, అంతే తేడా.

ధర్మవరం వచ్చి కంప్యూటర్ ముందర కూర్చున్నా. నమూనాలు తెరవలేదు. ‘నేను ఒక పక్క పట్టుకున్యా’ అనే నాలుగు మాటలకు నాకు పొద్దంతా పట్టింది. ఏది రాసినా పక్కనుంచి ఒక పంచె వచ్చి చుట్టుకునేది. తీసేస్తా, మళ్ళీ వచ్చేది. సాయంత్రానికి చిన్నబడి పిల్లలు కూడా రాయగలిగే ఒక ఇంగ్లీషు వాక్యం మిగిలింది. నా జీవితంలో నేను చేసిన మంచి అనువాదం అదే.

సాక్షి వేలు చూపినది అనే చోట అలవాటు కొద్దీ నా వేలు పోయి ‘ఈ’ మీద పడింది. కొట్టేసి ‘ఓ’ పెట్టినా. ఎవరూ ఏమీ చూపించని వేలకొద్దీ చోట్ల ఆ మాట అలంకారానికి పెట్టినోణ్ణి, ఒక మనిషి నిజంగా చెయ్యి చాపి చూపించిన చోట మొత్తానికే ఎగ్గొట్టినా. ప్రమాణపత్రంలో ఇదే రాసినా. పెద్ద మాటలు నావి, ఆమెవి కావు. వేలు సంగతి తెలిసే వదిలేసినా అని. ‘అనుకోకుండా’ అని రాయలేదు.

కొత్తగా వచ్చే వాళ్ళకు రెండు మాటలు

మీరు అనుకున్నట్టే వకీళ్ళు కొందరు నాకు పని ఇవ్వడం మానేసినారు. రమాదేవి మానలేదు. ఇంతకుముందు కంటే ఎక్కువ తిట్టి ఇచ్చేది.

పాత ఇంగ్లీషు మాటలంటే మీకు భయం వద్దు, ద్వేషమూ వద్దు. పాత దస్తావేజునే నకలు తియ్యాల్సి వస్తే, అందులో ఎస్, హెచ్, ఈ, డబ్ల్యూ ఉంటే అట్లే ఉంచండి. నా మాదిరి ఎర్ర సిరా తియ్యొద్దు. అది ఆ కాగితం సొత్తు. బతికున్న మనిషి నోట్లో మాత్రం పెట్టొద్దు. ఇప్పుడు మీ దగ్గర ఫోనుంది, చిటికెలో అనువాదం చేసిస్తుంది. నేనూ చూసినా, నా కంటే నయం. కాని అదీ ఒక్కోసారి వేళ్ళు వదిలేస్తుంది. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకొని గట్టిగా చదవండి. చదివేటప్పుడు మీ గొంతే మీకు ముద్దుగా వినపడిందా, ఎక్కడో తప్పు చేసినారని అర్థం.

ఇంక హనుమక్క సంగతి. తీర్పు రావడానికి ఏడాది దాటింది. వచ్చినరోజు రమాదేవి ఫోన్ చేసి, "ఆఫీసుకు రండి, ఆమె మీకోసం కూర్చుంది" అంది. తీర్పు ఏమైందని ఫోన్‌లో అడిగే ధైర్యం లేకపోయింది.

హనుమక్క కుర్చీలో కూర్చోకుండా గోడవార నేల మీద కూర్చొని ఉంది. నన్ను చూసి, "బాయి ఉండాది, రొప్పం ఉండాది. రాయి యాడుండేది ఆడే ఉండాది" అంది. నేను కూడా ఆమె పక్కనే నేల మీద కూలబడినా.

తీర్పులో అనువాదకుని గురించి ఒక వాక్యం ఉంది. అది ఇక్కడ రాయను. మర్యాదగానే తిట్టినారు. దాని కింద ఇంకో వాక్యం ఉంది. సాక్షి తన వేలు చూపిందని కింది కోర్టు రాసుకున్న మాటను నమ్మకపోవడానికి కారణమేదీ కనపడలేదని.

"అందులో నా ఏలు ఉండాదంట గదా. యాడప్పా?" అంది హనుమక్క.

కాగితం ఆమె ఒళ్ళో పెట్టి ఆ మాట చూపించినా.

"ఇదేనా?"

"ఇదే అక్కా."

"ఇంత చిన్నదా!"

"ఇంగ్లీషులో అంతే అక్కా."

గోరు లేని ఆ వంకర వేలు తెచ్చి ఆ మాట మీద ఆనించింది. వాక్యమంతా దాని కిందికి పోయింది. "చదువు," అంది. వేలు తియ్యలేదు. అంతకుముందే నాలుగుసార్లు చదువుకొని నోటికొచ్చింది కాబట్టి చదివినా.

ఆమెకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. తల ఒక పక్కకు వంచి, చివరిదాకా విన్నది.

"ఇంగోతూరి చదువప్పా," అంది.

మళ్ళీ చదివినా.